మాయల ఫకీరుది ఏ వూరు?



ఈసారి రాజకీయాలు పక్కనపెట్టి ఒక ఆట గురించి రాస్తున్నా. నవ్వకండి. చివరిదాకా చదివితే ఇది మన పిల్లల ఇజ్జత్‌కు సంబంధించిన సంగతని మీకే తెలుస్తుంది.

నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుని, లేని రాజ్యాలను ఉన్నట్టు అనుకుని ఆడే ఆట ఇది. రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారు. ఒకరు కథ చెబుతారు, మన పాత జమానాలో దాస్తాన్‌గో చెప్పినట్టు. మిగతావాళ్లు ఆ కథలో తలా ఒక పాత్ర. ఒకడు సిపాయి, ఒకడు దొంగ, ఒకామె హకీమ్, ఇంకొకడు మాంత్రికుడు. "కోట తలుపు మూసుంది, బయట కాపలా ఉంది, ఏం చేస్తారు?" అని కథ చెప్పేవాడు అడుగుతాడు. వీళ్లు ఒక ఉపాయం చెబుతారు. అది పారిందా లేదా అనేది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. పందెం ఉండదు, డబ్బు ఉండదు. అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 1974లో 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్' పేరుతో ఈ ఆటను పుస్తకంగా అచ్చువేశారు. ఇప్పుడు కంప్యూటర్లలో, ఫోన్లలో పిల్లలు ఆడే ఆటల్లో సగానికి దీని నీడ ఉంది.

పాచిక వేయడం జాయజా కాదా అని మీలో కొందరికి అప్పుడే ఖయాల్ వచ్చి ఉంటుంది. ఫత్వా ఇచ్చే ఇల్మ్ నాకు లేదు. ఆ సవాల్ మీ మసీదు ఇమామ్ సాబ్‌ను అడగండి. నా సవాల్ వేరే. ఆ లేని రాజ్యాల్లో మనం ఎక్కడున్నాం? ఉంటే ఏ లిబాస్‌లో ఉన్నాం? ఆ లిబాస్ కుట్టింది ఎవరు?

ఈ ఆటకు అసలు పెట్టుబడి 'లోకం'. నది ఏ పక్క పారుతుంది, కోట ఎవరిది, సుంకం ఎవరు వసూలు చేస్తారు, జనం రొట్టె తింటారా సంగటి తింటారా, రాక్షసులు ఎక్కడుంటారు, ఇదంతా ముందే కట్టుకోవాలి. మా అక్క కొడుకు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. సెలవులకు వేంపల్లెకు వచ్చినప్పుడు, దోస్తులతో కలిసి కట్టిన లోకం నక్షా నాకు చూపించాడు. ఉత్తరాన మంచు కొండలు, గుర్రాల మీద తెల్ల దొరలు. తూర్పున కత్తులు పట్టిన సమురాయిలు. దక్షిణాన ఒక పెద్ద ఎడారి. ఎడారిలో ఒంటెలు, గుడారాలు, ఒక క్రూరుడైన సుల్తాన్, సీసాల్లో జిన్నులు.

"ఎందుకురా ఎడారి?" అన్నాను.

"ముస్లిముల ముల్క్ కదా మామూ. ఎడారి లేకపోతే ఎట్లా?"

వీడు పుట్టింది వేంపల్లెలో. పాపాఘ్ని ఇసుక తప్ప వేరే ఇసుక తొక్కి ఎరగడు. వీడి నానా చీనీకాయల వ్యాపారి. వీడి ఖాలా ప్రొద్దుటూరులో ఉంటుంది. ఇంట్లో ఉర్దూ, అంగట్లో తెలుగు. అయినా ముస్లిం అనగానే వాడి ఖయాల్‌లోకి వచ్చింది ఒంటె. ఆ ఒంటె వాడి బుర్రలోకి ఎక్కడినుంచి నడిచొచ్చిందో చెప్పుకుంటే అసలు మసలా అర్థమవుతుంది.

ఈ ఆట తయారుచేసిన వాళ్లు మొదట యూరప్ కథలనే తవ్వుకున్నారు. తర్వాత ఆసియా వైపు చెయ్యి చాపారు. 1977లో వచ్చిన వాళ్ల భూతాల పుస్తకం 'మాన్‌స్టర్ మాన్యువల్'లో మన రాక్షసుడు ఉన్నాడు. కానీ పులి తల పెట్టుకుని, దొరబాబు మాదిరి చుట్ట గొట్టం పట్టుకుని ఉన్నాడు. పది తలలున్నవాడి ఖిస్సా మనకు తెలుసు, నిద్రపోయి నిద్రపోయి లేచినవాడి ఖిస్సా తెలుసు. పులి తలవాడు ఏ జేజి చెప్పిన కథలోనూ లేడు. 1985లో 'ఓరియంటల్ అడ్వెంచర్స్' అని ఇంకో పుస్తకం వచ్చింది. పేరు తూర్పు దేశాలన్నిటిదీ, లోపల ఉన్నది ముఖ్యంగా జపాన్, ఆ తర్వాత చైనా. ఆసియా మనిషి పరువును మార్కులేసి లెక్కగట్టే పద్ధతి కూడా అందులో పెట్టారు. పరువంటే మనకొక్కరికే ఉన్నట్టు, యూరప్ వాళ్లకు లేనట్టు.

1992లో వచ్చింది 'అల్-ఖదీమ్'. జెఫ్ గ్రబ్ రాశాడు. అందులో జఖారా అనే దేశం, అరేబియా రాత్రుల వాసనతో కట్టింది. చెడ్డ మనసుతో రాసింది కాదు. ఆ లోకంలో జనం మెహమాన్‌నవాజీ చేస్తారు, ఇజ్జత్ కోసం నిలబడతారు. నాకు నవ్వొచ్చిన సంగతి ఒకటి చెబుతాను. అందులో 'షాయర్' అంటే జిన్నులను పంపి మంత్రాలు తెప్పించుకునే మాంత్రికుడు. మనకు షాయర్ అంటే ముషాయిరాలో వహ్వాల కోసం గొంతు సవరించుకునేవాడు. జాహిలియా కాలపు అరబ్బులు షాయర్‌కు జిన్ను వచ్చి కవిత చెబుతుందని నమ్మేవాళ్లు కాబట్టి, ఆ పేరు వెనక కొంత చదువు ఉందనే ఒప్పుకోవాలి. కానీ ఆ దేశం మొత్తం మీద ఎడారి, సముద్రం, బజారు, జిన్ను. అరబ్బు వేరు, ముస్లిం వేరు అన్న ఫరక్ తెలియని పిల్లవాడికి అదే మన నక్షా అయిపోయింది. మా అక్క కొడుకు ఆ పుస్తకం చూసి కూడా ఉండడు. దాని పిల్లల పిల్లలైన కంప్యూటర్ ఆటల్లో చూసి ఉంటాడు, సినిమాల్లో చూసి ఉంటాడు.

ఆసియా మూలాలున్న ఆటగాళ్లు ఈ సంగతి గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టాక, 2020లో ఆ కంపెనీ తన పాత పుస్తకాల అమ్మకం పేజీల మీద, వీటిలో ఆనాటి దురభిప్రాయాలు ఉండొచ్చని ఒక హెచ్చరిక పెట్టింది. 2022లో 'జర్నీస్ త్రూ ద రేడియంట్ సిటడెల్' అని 13 సాహస కథల పుస్తకం తెచ్చింది. ఆయా తహజీబ్‌ల నుంచి వచ్చిన రచయితలే అందులో రాశారు. బెంగాలీ రచయిత్రి మిమీ మొండల్ తన బెంగాల్‌ను పోలిన శంఖభూమిని కట్టింది. అక్కడ ఎడారి లేదు. తడి ఉంది, నది ఉంది, అడవి ఉంది. తన ఇంటి నేలను తనే రాసుకుంటే వచ్చే తేడా అది.

ఇక్కడిదాకా చదివి, "అయితే బయటివాళ్లు మన సంగతులు ముట్టుకోకూడదంటావా?" అని అడుగుతారు. నేను అట్లా అనను. అట్లా అంటే మనకే నష్టం. కథలన్నీ ఒకరింట్లో నుంచి ఒకరు తెచ్చుకున్న నిప్పులే.

దాస్తాన్-ఎ-అమీర్ హమ్జా సంగతే చూడండి. అక్బర్ బాదుషా దాన్ని సుమారు 1400 బొమ్మలతో, పదిహేనేళ్లు పట్టి రాయించుకున్నాడు. లక్నోలో నవల్ కిషోర్ ప్రెస్ దాన్ని 46 సంపుటాలుగా అచ్చువేసింది. అందులో భాగమైన తిలిస్మ్-ఎ-హోష్‌రుబా 1883లో మొదలైంది. ఉర్దూ మీడియంలో చదివిన నా తరానికి అందులోని అమ్ర్ అయ్యార్ ఎవరో చెప్పక్కర్లేదు. వాడి దగ్గర జంబీల్ అనే సంచి ఉంటుంది. ఏనుగునైనా, ఊరినైనా అందులో వేసుకుని భుజాన తగిలించుకుని పోతాడు. కప్పుకుంటే ఎవరికీ కనబడని గిలీం ఉంటుంది. ఈ ఆటలో ఎంత సామాను వేసినా నిండని మాయ సంచి ఒకటుంది. మన పిల్లలు దాన్ని అమెరికా సరుకు అనుకుంటున్నారు. ఎవరు ఎవరి దగ్గర తెచ్చుకున్నారని నేను దావా వెయ్యను. జంబీల్ పేరు మన పిల్లలకు తెలియదు అన్నదే నా బాధ.

తిలిస్మ్ అంటే ఏమిటి? ఒక సాహిర్ కట్టిన మాయ ముల్క్. దానికి జాహిర్ అని కనిపించే భాగం, బాతిన్ అని దాగిన భాగం. దాన్ని ఎట్లా పగలగొట్టాలో చెప్పే లౌహ్ అనే పలక ఎక్కడో దాచి ఉంటుంది. ఆ పలక సంపాదించినవాడే గెలుస్తాడు. బల్ల చుట్టూ కూర్చుని పిల్లలు ఈ రోజు ఆడుతున్నది అక్షరాలా ఇదే. సిహర్ హరామ్ అని తెలిసిన ముసల్మానులే, సిహర్ ఉన్న ఖిస్సాలను వందల ఏళ్లు రాత్రంతా కూర్చుని విన్నారు. చేయడం వేరు, కథగా వినడం వేరు అన్న ఫరక్ వాళ్లకు బాగా తెలుసు.

తెలుగువాళ్లు కూడా మన దగ్గర తీసుకున్నారు. ఉర్దూలో పేరుపడ్డ గుల్-ఎ-బకావలి ఖిస్సాను 1962లో ఎన్.టి.రామారావు తనే డైరెక్ట్ చేసి 'గులేబకావళి కథ'గా తీశారు. మా నన్నీ దాన్ని మన ఖిస్సా అనేది, పక్కింటి సుబ్బమ్మవ్వ తన కథ అనేది. ఇద్దరిదీ నిజమే. చందమామ పెట్టిన బి.నాగిరెడ్డి మన కడప జిల్లా మనిషి. ఆయన విజయా సంస్థలో 1951లో 'పాతాళ భైరవి' తీసిన కె.వి.రెడ్డి తాడిపత్రి మనిషి. తెలుగు వాళ్లకు మాయలోకం చూపించిన ఇద్దరూ మన సీమ వాళ్లే. ఆ సినిమాలో అల్లావుద్దీన్ దీపం కథ నీడ కనిపిస్తుంది. కుర్రవాణ్ణి మోసం చేసి గుహలోకి పంపే మాంత్రికుడు, కోరింది ఇచ్చే వస్తువు, ఒక్క రాత్రిలో లేచే మేడ. అయినా తోటరాముడు పదహారణాల తెలుగు పిల్లవాడు. తీసుకోవడం అంటే అట్లా ఉండాలి. తెచ్చిన విత్తనం మన మట్టిలో మొలవాలి.

కానీ ఈ సినిమాలోనే ఇంకో సంగతి గమనించండి. మాంత్రికుడిది ఏ వూరు? నేపాళం. అల్లావుద్దీన్ కథలో మాంత్రికుడిది ఏ వూరు? మగ్రిబ్, అంటే ఉత్తర ఆఫ్రికా పడమటి కొస. ఆ కథను 1709లో పారిస్‌లో గాలాన్ అనే ఫ్రెంచి పండితుడికి చెప్పినవాడు హలబ్‌కు చెందిన హన్నా దియాబ్. అతనికి మగ్రిబ్ దూరం. తెలుగువాడికి నేపాళం దూరం. మరి మన బుర్రకథల బాలనాగమ్మను ఎత్తుకుపోయినవాడు? 1942లో జెమినీ వాళ్లు తీసిన సినిమాలో వాడి పేరు మాయల మరాఠీ. జనం నోట్లో మాయల ఫకీరు. ఒకే దుర్మార్గుడికి రెండు పేర్లు, రెండూ బయటివాళ్లవే. ప్రతి జాతీ తన మాంత్రికుణ్ణి తనకు ఎవరు దూరమనిపిస్తే వాళ్ల ఇంట్లో పుట్టిస్తుంది. కాబట్టి ఏ మాయలోకం నక్షా చూసినా నేను మొదట వెతికేది ఇదే, ఇందులో మాంత్రికుడిది ఏ వూరు? అది తెలిస్తే ఆ లోకం కట్టినవాడు ఎవరిని పక్కింటివాడు అనుకుంటున్నాడో, ఎవరిని అనుకోవడం లేదో తెలిసిపోతుంది.

మన దాస్తాన్‌లు మాత్రం తక్కువ తిన్నాయా? హమ్జా కథలో శత్రువులైన సాహిర్‌లు కాఫిర్‌లే. ఓడితే కలిమా చదవాలి, లేకపోతే తల పోతుంది. ఆ కథలు చెప్పుకునేటప్పుడు మన పెద్దలకు అది తప్పుగా తోచలేదు. పక్కన కూర్చుని విన్న హిందూ దోస్త్‌కు ఎట్లా తోచిందో ఎవరూ అడిగినట్టు లేదు. ఇన్సాఫ్ కావాలంటే తక్కెడ రెండు పక్కలా పెట్టాలి.

మా అక్క కొడుకు విషయానికి వస్తాను. వాడి జట్టులో ఒక దోస్త్ బాలనాగమ్మ కథ విని పెరిగినవాడు. తమ లోకానికి పెద్ద విలన్‌గా మాయల ఫకీరును పెడదామన్నాడట. వాడిలో కోపం కానీ, కక్ష కానీ లేదు. వాళ్ల అవ్వ చెప్పిన కథ వాడికి ఇష్టం, అంతే. ఏడు సముద్రాల అవతల చిలకలో ప్రాణం దాచుకున్న విలన్ కంటే గొప్ప విలన్ ఎవరు దొరుకుతారు? మావాడు నాకు ఫోన్ చేశాడు.

"మామూ, ఫకీర్‌కు విలన్ బనాయింగే బోల్‌రా ఇనే. మై హౌ బోలూఁ క్యా, నక్కో బోలూఁ?"

ఔననాలా, వద్దనాలా అని. చాలా ఇళ్లలో ఈ సవాల్‌కు రెండే జవాబులు. ఒకటి, "ఆటే కదా, పోనీలే". రెండు, "అట్లాంటివాళ్లతో ఆడొద్దు". మొదటిది పిల్లవాడికి మూగతనం నేర్పుతుంది. రెండోది వాడికి ఉన్న దోస్త్‌ను లేకుండా చేస్తుంది. నేను వాడికి చెప్పింది ఇది. "నక్కో అనొద్దు. ఒక్క మాట అడుగు. ఈ లోకంలో ఫకీర్లు ఎంతమంది? ఒక్కడే ఉండి, వాడే దుర్మార్గుడైతే, వాడు మనిషి కాదు, కౌమ్ మొత్తానికి వేసిన ముద్ర. పదిమంది ఉండి అందులో ఒకడు దుర్మార్గుడైతే, వాడు దుర్మార్గుడైన మనిషి. పదిమందిని పెట్టండి, తర్వాత వాణ్ణి ఎంత చెడ్డవాడిగానైనా చెయ్యండి."

"పదిమంది ఫకీర్లను యాడ తెచ్చేది మామూ?" అన్నాడు.

యాడ తెచ్చేదా! జుమ్మేరాత్ సాయంత్రం బజారులో నిలబడితే చాలు. లోబాన్ పొగ పట్టుకుని, నెమలీకల కట్టతో అంగడి అంగడికి తిరిగే ఫకీర్ సాబ్ ఉన్నాడు. ఆ పొగ పట్టించుకునే అంగళ్లలో కోమటి సెట్టి అంగడి ఉంది, రెడ్డి గారి ఎరువుల అంగడి ఉంది. దర్గా మెట్ల మీద పడుకుని, ఎవరేమిచ్చినా కుక్కలతో పంచుకుని తినేవాడు ఉన్నాడు. రంజాన్‌లో సహరీకి డప్పు కొట్టి లేపేవాడు ఉన్నాడు. నాటు మందులిచ్చి డబ్బు అడగనివాడు, డబ్బు తీసుకుని మందు ఇవ్వనివాడు కూడా ఉన్నారు. మగ్రిబ్ నమాజ్ అయ్యేసరికి మసీదు గేటు బయట చంటిబిడ్డలను ఎత్తుకుని నిలబడే తల్లులను చూడండి. నమాజ్ చదివి వచ్చేవాళ్లు బిడ్డ మీద ఊది పోవాలని వాళ్లు ఎదురుచూస్తారు. అందులో బొట్టు పెట్టుకున్న తల్లులే ఎక్కువ. సీమలో ఇది రోజూ జరిగేదే. మన పిల్లలకు అది ఖిస్సాగా కనిపించదు, ఎందుకంటే ఏ పుస్తకంలోనూ బొమ్మ వెయ్యలేదు.

ఇక్కడ ఒక హద్దు గీయాలి. ఆ ఊదేది దువా, మంత్రం కాదు. దాన్ని తీసుకుపోయి ఆటలో 'గాయం మానే శక్తి, ఐదు మార్కులు' అని రాస్తే నాకు ఒప్పుదల లేదు. మరి ఎట్లా తీసుకోవాలి? బయట నిలబడిన తల్లుల వరుసను తీసుకోండి, లోపల చదివిన ఆయత్‌ను వదిలెయ్యండి. పీర్ల పండగలో రెండు మతాల వాళ్లు కలిసి గుండం చుట్టూ తిరగడాన్ని తీసుకోండి, కర్బలాను పాచికల మీద పెట్టకండి. పైగంబర్లు, సహాబా, అహ్లె బైత్, ఖురాన్, వీటి జోలికి ఆటలో పోవద్దు. ఇదే అదబ్ మన హిందూ దోస్తుల దేవుళ్లకూ చూపించాలి. ఒకరు సజీవంగా పూజించే దేవుణ్ణి ఇంకొకరు కత్తితో పొడిచి మార్కులు సంపాదించే ఆట నాకు వద్దు. 1980లో వచ్చిన 'డీటీస్ అండ్ డెమిగాడ్స్' పుస్తకంలో ఇంద్రుడు, అగ్ని లాంటి దేవుళ్లకు ఎంత బలమో, ఎన్ని దెబ్బలకు పడిపోతారో లెక్కలు వేసి అచ్చువేశారు. ఆ రాసినవాళ్లకు వాళ్లు చచ్చిపోయిన గ్రీకు దేవుళ్ల లాంటివాళ్లు అనిపించి ఉంటారు. మన పక్కింట్లో మాత్రం రోజూ దీపం వెలుగుతుంది.

హద్దు పాటిస్తే ఆట చప్పబడుతుందని అనేవాళ్లున్నారు. అదేం లేదు. ఈ ఆటలో చావును తప్పించుకోవడానికి తన ఆత్మను ఒక పెట్టెలో దాచుకునే 'లిచ్' అనే మాంత్రికుడున్నాడు. మన మాయల ఫకీరు చిలక సంగతే అది. ఆ పెట్టెకు చాలా ఏళ్లు 'ఫిలాక్టరీ' అని పేరు. ఆ మాట యూదులు ప్రార్థనలో నుదుటికి, చేతికి కట్టుకునే పవిత్రమైన పెట్టెలకు వాడేది. తావీజ్‌ను తీసి పిశాచం చేతికి కట్టినట్టు. ఇటీవలి పుస్తకాల్లో ఆ పేరు తీసేశారు. మాంత్రికుడు అట్లాగే ఉన్నాడు, భయం అట్లాగే ఉంది, ఆటకు వచ్చిన నష్టం ఏమీ లేదు.

ఎడారి ఎందుకు అని మొదట అడిగాను కదా. నిజానికి మన జిల్లా ఇళ్లలో ఎడారి చూసినవాళ్లు చాలామంది ఉన్నారు. కువైట్ పోయి వచ్చినవాళ్లు. వాళ్లను అడగండి, అక్కడ ఏం చూశారని. ఒంటె గురించి చెప్పరు. అకామా గురించి చెబుతారు, పాస్‌పోర్టు తన బీరువాలో పెట్టి తాళం వేసుకునే కఫీల్ గురించి చెబుతారు. సీసాలో బంధించి, రుద్దినప్పుడల్లా "హుకుం మేరే ఆఖా" అనాల్సిన జిన్ను ఖిస్సాను, పదేళ్లు ఒకరి వంటింట్లో పనిచేసి వచ్చిన మన ఖాలా చెప్పినట్టు ఇంకెవరు చెబుతారు? మా అక్క కొడుకు నక్షాలో ఎడారి ఉంటే ఉండనీ. అందులోకి కడప నుంచి పోయిన ఒక ఆడమనిషి ఉండాలి. జిన్ను వైపు నిలబడి కథ చెప్పాలి.

ఇక మన నేల సంగతి. జమ్మలమడుగు దగ్గర గండికోట ఉంది. పెన్న కోసిన లోయ అంచున కోట, కోటలో మాధవరాయస్వామి గుడి, ఎదురుగా జామియా మసీదు, పెద్ద ధాన్యాగారం. పెమ్మసాని నాయకుల కోటను 1650లో గోల్కొండ వజీర్ మీర్ జుమ్లా పట్టుకున్నాడు. ఈ మీర్ జుమ్లా ఇరాన్‌లో నూనె వ్యాపారి కొడుకు, వజ్రాల లెక్కలు రాసుకుంటూ వచ్చి వజీర్ అయ్యాడు. తావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి 1652లో ఆయన్ను వెతుక్కుంటూ ఈ కోటకు వచ్చాడు. ఒక లోయ, ఒక కోట, ఓడిన నాయకుడి మనుషులు, గెలిచిన పరదేశి, వజ్రాలకు వచ్చిన దొర, వీళ్లందరికీ వంట చేసే వాళ్లు, గుర్రాలకు గడ్డి కోసే వాళ్లు. ఇంతకంటే 'సెట్టింగ్' ఏం కావాలి?

మా వేంపల్లె దగ్గర గండిలో, పాపాఘ్ని రెండు కొండల నడుమ దూరే చోట, వాయుదేవుడు రాముడికి కట్టిన బంగారు తోరణం ఉందని చెబుతారు. అందరికీ కనబడదు, చావు దగ్గరపడినవాడికే కనబడుతుందట. సీడెడ్ జిల్లాల కలెక్టరుగా చేసిన థామస్ మన్రో ఆ దారిన పోతూ తల ఎత్తి, "ఆ బంగారు తోరణం ఎవరు కట్టారు?" అని అడిగాడని, పక్కనున్నవాళ్లు గుండె పట్టుకున్నారని కథ. ఆయన 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయాడు. ఈ కథ నాకు చెప్పింది ఉర్దూ స్కూల్లో మా లెక్కల ఉస్తాద్. నమాజీ మనిషి. మా వూరి ఖిస్సాగా చెప్పాడు, మేం మా వూరి ఖిస్సాగా విన్నాం.

దక్కన్ భాషలోనే మనకు ఒక సఫర్ కథ ఉంది. గోల్కొండలో ముల్లా వజ్‌హీ 1635లో రాసిన 'సబ్ రస్'. అఖ్ల్ అనే బాదుషా, అతని కొడుకు దిల్, దిల్ వెతికే ఆబ్-ఎ-హయాత్, దాని జాడ కోసం పోయే నజర్. బుద్ధి, గుండె, చూపు, ఇవే పాత్రలు. హైదరాబాద్ వాళ్లు కూడా నవ్వే మన 'హౌ-నక్కో' ఉర్దూకు అమ్మమ్మ లాంటి భాష అది. దీన్ని ఆటగా మార్చేందుకు జపాన్ నుంచి ఎవరూ రానక్కర్లేదు.

అమెరికా వాడికి ఆసియా అంటే జపాన్. ఇండియా అంటే గుడి, పులి. ముస్లిం అంటే ఎడారి. ఉర్దూ అంటే లక్నో షేర్వాణీ. ఈ నాలుగు గీతల మధ్య వేంపల్లె పిల్లవాడు ఎక్కడా ఇమడడు. వాడు పెద్దయ్యాక తన ఉద్యోగంలో ఆటలు చేసినా, సినిమాలు రాసినా, తన ఇంటిని తానే ఎడారిగా రాస్తాడు. అప్పుడు బయటివాళ్లను ఏమని అడగగలం?

తల్లిదండ్రులకు నా దరఖాస్తు ఒక్కటే. పిల్లలు ఇట్లాంటి లోకం ఏదైనా గీసి తెస్తే, పుస్తకం లాక్కోకముందు ఒకసారి పక్కన కూర్చుని చూడండి. ఇందులో మన వీధి ఎక్కడ అని అడగండి. వాళ్ల నన్నీ, దాదీ ఇంకా ఉంటే, ఆ ఖిస్సాలు ఫోన్‌లో రికార్డు చేయించండి. ఆ గొంతులు పోతే మళ్లీ రావు. పిల్లలకు చెప్పేది, ఎవరింటి నుంచైనా తెచ్చుకోండి, కానీ ఎవరి దగ్గర తెచ్చుకున్నారో వాళ్లు మీ లోకంలో వంట చేసుకుంటూ, అప్పులు తీర్చుకుంటూ, నవ్వుకుంటూ బతికేలా రాయండి. పక్కింటి దోస్త్ చదివి నొచ్చుకుంటాడేమో ముందే అతనికి చూపించండి.

వాళ్ల లోకంలో ఇప్పుడు తొమ్మిదిమంది ఫకీర్లు ఉన్నారట. పదోవాడు విలన్. వాడికి కూడా ఒక ఊరు పెట్టారు, ఒక అమ్మను పెట్టారు. చిలక ఎక్కడుందో మాత్రం నాకు చెప్పనన్నారు.